ఊపిరి విడవని బండి

యతిప్రాసల గురించో, సంధి సమాసాల గురించో వ్రాసుకొనవలసిన ఈ తెలుగు పండితుడు కారు ఇంజను గురించి వ్రాయబూనడం మీకు వింతగా తోచవచ్చు. నాకూ వింతగానే ఉన్నది. అయితే 1984 నుండి 2018 దాకా ముప్పై నాలుగేళ్ళు పాఠం చెప్పి కూడ నేను గ్రహించలేకపోయిన సంగతి ఒకటి, పదవీ విరమణ చేసిన మరుసటి ఏడు, నూజివీడులోని ఒక మరమ్మతు కొట్టు ముందు వేపచెట్టు క్రింద బల్లమీద కూర్చొని ఉండగా నాకు బోధపడింది. బోధించినది ఇంజను. అందుచేత ఇంజను కథతోనే మొదలుపెట్టాలి.

మాది మూడు సిలిండర్ల చిన్న పెట్రోలు కారు. 2008లో కొన్నాము. ఏ కంపెనీదన్నది ఇక్కడ అప్రస్తుతం. దోషం దానిది కాదు, నాది. ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నదో చూపే గడియారం ఆ బండిలో లేదు. చెవియే ప్రమాణం. చెవి విషయంలో నాకు కొంత అహంకారం ఉండేది. వెనుక బల్ల మీది పిల్లవాడు పద్యం చదువుతూ ఒక లఘువును గురువు చేస్తే, నల్లబల్ల వైపు తిరిగి ఉండి కూడ పట్టుకొనేవాడిని. అటువంటి చెవి ఇంజను మాట మాత్రం నెలల తరబడి వినలేదు.

2019 మే నెల. మామిడికాయల రోజులు. మా శ్రీమతిని కంటి పరీక్షకు విజయవాడ తీసుకొని వెళ్ళుతున్నాను. ఆ రోజుల్లో నూజివీడు నుండి ఆగిరిపల్లి మీదుగా పోయే దారి ఎలా ఉంటుందో ఆ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. ట్రాక్టర్లు, లారీలు, చిన్న వ్యాన్లు అన్నీ కాయలతో నున్న మార్కెట్టు వైపే. దారి పొడవునా రసాల వాసన, ఎండుగడ్డి వాసన, డీజిలు వాసన కలగలిసి ఉంటాయి. మా ముందు కాయల పెట్టెలు నింపుకొన్న ట్రాక్టరు మెల్లగా పోతున్నది. ఎదుట దారి ఖాళీగా కనిపించింది. మూడవ గేరు వేసి, కుడికి తీసి, యాక్సిలరేటరును నేలకు అదిమాను.

బండి కదిలింది. ఇంజను స్వరం కొంత పైకి లేచింది. ఆ పైన ఒకచోట నిలిచిపోయింది. శ్రుతి అందని గాయకుడు అక్కడక్కడే తచ్చాడినట్లు, ఎంత త్రొక్కినా అదే స్వరం. వేగం అరవై దాటదు. ట్రాక్టరు ఇంజను మా కిటికీకి సరిగ్గా ప్రక్కన ఉన్నది, దానిని దాటలేము. అంతలో మలుపు తిరిగి లారీ ఎదురుగా వచ్చింది. ఆమె ఏమీ అనలేదు. ఒడిలోని డబ్బాను రెండు చేతులతో గట్టిగా పట్టుకొన్నది, అంతే. నేను బ్రేకు త్రొక్కి వెనుకకు తగ్గి ట్రాక్టరు వెనుక చేరేసరికి లారీ హారను మోగించుకొంటూ రయ్యిమని పోయింది. ఆ గాలికి బండి ఊగింది. తరువాత నున్న దాకా మా ఇద్దరి మధ్యా మాట లేదు.

విజయవాడలో ఆమెను ఆసుపత్రిలో కూర్చుండబెట్టి, బండిని ఒక చోట చూపించాను. ఎక్కడన్నది చెప్పను. ‘పెట్రోలు చాలటం లేదండీ’ అన్నారు వారు. పెట్రోలు ఫిల్టరు మార్చారు. గాలి ఫిల్టరు మార్చారు. వారం తరువాత మళ్ళీ పోతే పంపు మార్చారు. బిల్లు చెల్లించిన ప్రతిసారీ ఊరి పొలిమేర దాకా బండి బాగున్నట్లే అనిపించేది. డబ్బు ఖర్చు పెట్టినవాని చెవికి అలాగే వినిపిస్తుంది కాబోలు. పది కిలోమీటర్లు పోయేసరికి మళ్ళీ పాత పాటే.

చివరకు మా ఊళ్ళోనే పాత బస్సుల మీద పని నేర్చిన ఒక పెద్ద మేస్త్రిగారి దగ్గరకు పోయాను. ఆనాడు బజారులో పని ఉండి మా శ్రీమతి కూడ వెంట వచ్చింది. మేస్త్రిగారు బానెట్టు ఎత్తలేదు. ముందు నన్ను ప్రశ్నించడం మొదలుపెట్టారు.

‘మాస్టారూ, ఇది ఒక్కసారిగా వచ్చిందా, మెల్లమెల్లగా వచ్చిందా?’

‘మెల్లగానే అనుకుంటాను.’

‘పొద్దున్నే తీసినప్పుడు కాస్త నయంగా ఉండి, వేడెక్కాక మొరాయిస్తోందా?’

‘అవును.’

‘మైలేజీ పడిపోయిందా?’

‘పడింది.’

‘దీనికి ముందు ఎప్పుడైనా మిస్సింగ్ కొట్టిందా? ఆగి ఉన్నప్పుడు బండి వణకడం లాంటిది?’

‘లేదండీ’ అన్నాను దృఢంగా.

బల్లమీద నుండి మా శ్రీమతి అందుకొన్నది. ‘ఎందుకు లేదూ? సంక్రాంతి నుంచీ వణుకుతూనే ఉంది. గేటు దగ్గర ఆగినప్పుడల్లా ఒళ్ళో డబ్బా మూత టకటక కొట్టుకునేది. చెప్తే, బండి పాతబడింది, నువ్వు ఊరుకో అన్నారు.’

మేస్త్రిగారు నా వైపు చూడలేదు. అది ఆయన మర్యాద. ‘సరే, చూద్దాం’ అని లేచారు.

ఆయన చేసిన పరీక్షలు చెప్పే ముందు ఇంజను వ్యవహారం రెండు మాటల్లో చెప్పాలి. నాకు ఇది తరువాత మా అల్లుడు చెప్పగా, లెక్కలు నేను వేసుకొనగా తెలిసినది. ఇంజను పని అంతా నాలుగు అడుగుల పద్యం. గాలిని, పెట్రోలును లోపలికి పీల్చుకోవడం మొదటి పాదం. దానిని అదిమి పట్టడం రెండవది. నిప్పురవ్వ తగిలి మండి ముషలకాన్ని, అనగా పిస్టనును, క్రిందకు నెట్టడం మూడవది. కాలిన వాయువును బయటికి పంపడం నాలుగవది. ఈ నాలుగు పాదాలకు ఇంజను రెండు చుట్లు తిరుగుతుంది. నిమిషానికి 900 చుట్లతో నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు నాలుగవ పాదానికి సెకనులో ముప్పయ్యవ వంతు వ్యవధి ఉంటుంది. 6000 చుట్ల దగ్గర ఆ వ్యవధి సెకనులో రెండు వందలవ వంతు మాత్రమే. 800 సి.సి. ఇంజను ఆ వేగాన పూర్తిగా ఊపిరి తీస్తే సెకనుకు సుమారు 40 లీటర్ల గాలి కావాలి. మనం ఇళ్ళలో తెప్పించుకొనే నీళ్ళ క్యానులు రెండు ఒక్క సెకనులో నిండేటంత గాలి అన్నమాట. అంతా లోపలికి పోవాలి, మండాలి, వేడికి ఎన్నో రెట్లు వ్యాకోచించి బయటికి రావాలి.

కాబట్టి నెమ్మదిగా తిరిగేటప్పుడు బయటపడని లోపం వేగంలోనే బయటపడుతుంది. ఇంజను పైకి లేవలేదంటే గాలి చాలకనైనా కావాలి, పెట్రోలు చాలకనైనా కావాలి, నిప్పురవ్వ తప్పడం చేతనైనా కావాలి. లేదా మనం నేలకు అదిమిన పెడలు లోపలి తలుపును పూర్తిగా తెరవకపోవడం చేతనైనా కావాలి. నేను ఇంతవరకే ఆలోచించాను. నాకంటే ముందు ఆ బండిని చూచినవారు కూడ ఇంతవరకే ఆలోచించారు.

మేస్త్రిగారు మొదట నన్ను బండిలో కూర్చోబెట్టి పెడలు పూర్తిగా త్రొక్కమన్నారు. ఇంజను ఆపి ఉన్నది. ఆయన ముందు వంగి, గాలి పోయే ద్వారం తలుపు నిండుగా తెరుచుకొంటున్నదో లేదో చూచారు. ‘కాళ్ళ కింద చాపలు దొంతరగా వేసుకుని, పెడలు సగంలోనే ఆగిపోతే, ఇంజను చెడిందని వచ్చేవాళ్ళున్నారు మాస్టారూ’ అన్నారు. మాది నిండుగానే తెరుచుకొన్నది. తరువాత గాలి ఫిల్టరు తీసివేసి ఇంజను రేజ్ చేయించారు. మార్పు లేదు. పెట్రోలు దారిలో గేజి తగిలించి మళ్ళీ రేజ్ చేయించారు. ముల్లు చలించలేదు. ‘పెట్రోలు బాగానే అందుతోంది. కొత్త పంపు అక్కర్లేకపోయింది’ అన్నారు. నాకు గుండెలో కలుక్కుమన్నది.

ఆపైన ప్లగ్గులు విప్పారు. రెండు ఇటుకరంగులో పొడిగా ఉన్నాయి. మధ్యది నల్లగా, తడిగా ఉన్నది. దాని వైరును వ్రేళ్ళతో తడుముతూ పోయి ఒకచోట ఆగారు. పైపొర చిట్లి ఉన్నది. చిన్న చిన్న పంటి గాట్లు. మా బండి ఉండేది పెరట్లోని బంగినపల్లి చెట్టు నీడలో. ఆ చెట్టు మీద ఉడుతలు నివాసం. ‘ఇదీ మీ మిస్సింగు’ అని కొత్త వైరు వేసి స్టార్టు చేయించారు. ఆశ్చర్యం! వణుకు ఆగిపోయింది. ఇంజను మూడు తాళాలూ సమంగా వేస్తున్నది. నేను సంతోషంతో లేవబోయాను. ‘కూర్చోండి మాస్టారూ, రేజ్ చెయ్యండి’ అన్నారు. త్రొక్కాను. స్వరం లేచి మళ్ళీ అక్కడే ఆగింది.

అప్పుడాయన వెనుకకు పోయి సైలెన్సరు గొట్టం దగ్గర అరచేయి పెట్టారు. నన్నూ పిలిచి, పనివానిని పెడలు త్రొక్కమన్నారు. ఇంజను అంతగా మూల్గుతున్నా, నా అరచేతికి తగిలినది నిద్రపోతున్నవాని ఊపిరి వంటి వెచ్చని గాలి మాత్రమే. చల్లారనిచ్చి, ఇంజను నుండి వచ్చే గొట్టంలో క్యాటలిటిక్ కన్వర్టరుకు ముందు బిగించి ఉండే ఆక్సిజన్ సెన్సరును విప్పించారు. అక్కడ బొటనవ్రేలు పట్టేటంత రంధ్రం మిగిలింది. ‘ఇప్పుడు తొక్కు’ అన్నారు.

ఆ కేకను నేను మరచిపోలేను. ఆ చిన్న రంధ్రం గుండా ఇంజను ఒక్కపెట్టున అరిచింది. వేపచెట్టు మీది కాకులు లేచిపోయాయి. ఎన్నో నెలలుగా అందని ఆ పై స్వరానికి అది సునాయాసంగా ఎగబ్రాకింది. దానికి గాలి తక్కువ కాలేదు, పెట్రోలు తక్కువ కాలేదు. విడవలేని ఊపిరిని అది లోపల మోస్తూ తిరిగింది. పాత వాయువు పూర్తిగా బయటికి పోని చోట క్రొత్త వాయువుకు తావెక్కడిది? బయటికి దారి మూసుకొనిపోతే లోపలికీ దారి మూసుకొనిపోతుంది.

కన్వర్టరును విప్పి చూపించారు. లోపల తేనెపట్టు వంటి పింగాణీ దిమ్మ ఉంటుంది. సన్నని వేల గదులు. వాటి గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి విలువైన లోహాల పూత. విషవాయువులు ఆ గదుల గుండా పోతూ హాని తక్కువ కలిగినవిగా మారుతాయి. మా దానిలో ముందరి గదులన్నీ కరిగి, పాకం ముదిరి గడ్డకట్టినట్లు ముద్ద అయి ఉన్నాయి. కారణం ఆయన చెప్పారు. మధ్య సిలిండరులో నిప్పురవ్వ తప్పినప్పుడల్లా మండని పెట్రోలు బయటికి పోయి ఈ తేనెపట్టులో మండింది. ఆ వేడికి అది కరిగింది. వణుకు మొదలైన నాడే నాలుగు డబ్బుల వైరు మార్చి ఉంటే ఈ ముద్ద ఏర్పడేది కాదు. వైరు మార్చకుండా కన్వర్టరు ఒక్కటే మార్చి ఉంటే, క్రొత్తది కూడ కొంతకాలానికి ఇలాగే అయ్యేది.

భాషాప్రవీణ చదివే రోజుల్లో మా గురువుగారు తర్కం చెబుతూ అన్వయ వ్యతిరేకాలను గురించి గంటల తరబడి బోధించేవారు. ఇది ఉంటే అది ఉండటం, ఇది లేకపోతే అది లేకపోవడం, ఈ రెండూ చూస్తే గాని కారణాన్ని కారణమనరాదు. పొగ, నిప్పు, కొండ, వంటయిల్లు అంటూ నేనూ ఆ ఉదాహరణలనే వల్లించి పరీక్ష ప్యాసయ్యాను. మేస్త్రిగారు ఆ పేర్లు వినలేదు. ఫిల్టరు తీసి చూచారు, సెన్సరు విప్పి చూచారు. ఒక్కొక్క దానినీ తొలగించి, లోపం తొలగినదా అని అడిగారు. పేరు తెలిసినవాడను నేను, పని తెలిసినవారు ఆయన. సిగ్గుపడవలసిన చోట సిగ్గుపడటం మంచిదే.

అయితే ఆ బల్లమీద కూర్చొని ఉండగా నన్ను పట్టుకొన్నది తర్కం కాదు. ఒక పిల్లవాడు.

1996లో తొమ్మిదవ తరగతిలో ఉండేవాడు. చేతివ్రాత ముత్యాల వరుస. చిన్న పరీక్షలలో, ఒక్క మాటలో జవాబు వ్రాయవలసిన చోట, తప్పు పోయేవాడు కాదు. నిలబడి పద్యం చదవమంటే మూడవ పాదం దగ్గర ఆగిపోయేవాడు. వార్షిక పరీక్షలో పెద్ద ప్రశ్నలకు నాలుగు పంక్తులు వ్రాసి కాగితం ఖాళీగా వదిలేవాడు. నెమ్మదిలో బాగున్నవాడు వేగం అందుకోలేకపోయేవాడు. నేను ఏమి చేశాను? ‘వీడికి చాలలేదు’ అని నిర్ణయించాను. సాయంత్రాలు కూర్చోబెట్టి అదనంగా పది పద్యాలు వల్లె వేయించాను. ప్రతిపదార్థాలు ఇరవైసార్లు వ్రాయించాను. దయతోనే చేశాను. బెత్తం కూడ ఎత్తలేదు. లోపలికి ఇంకా ఇంకా పోస్తూ పోయాను. వాడు ఇంకా ఇంకా మూగవాడైపోయాడు. పదవ తరగతి తప్పాడు.

సర్టిఫికెట్టు కోసం వాడి నాయనమ్మ వచ్చింది. సంతకం పెట్టించుకొని, కాగితం మడిచి చెంగున ముడి వేసుకొంటూ అడిగింది: ‘పంతులుగారూ, వాళ్ళమ్మ పోయిన కాణ్ణించీ వాడు ఇంట్లో నోరిప్పట్లేదు. బళ్ళో అయినా మాట్టాడేవోడా?’

వాళ్ళమ్మ పోయిన సంగతి నాకు అప్పుడే తెలిసింది. అప్పటికి రెండేళ్ళయిందట. రెండేళ్ళుగా ఆ పిల్లవాడు నా ఎదుట కూర్చొన్నాడు. ఎన్ని ప్రశ్నలు వేశానో! అన్నీ నేను చెప్పినదానిని తిరిగి చెప్పించుకొనే ప్రశ్నలే. వాడి సొంతమాట ఒక్కటి బయటికి వచ్చే దారి నా తరగతి గదిలో ఎక్కడా లేదు. నాయనమ్మకు నేనేమి జవాబు చెప్పానో గుర్తు లేదు. జవాబు చెప్పలేదేమో కూడ.

మేము పిల్లల గురించి మాట్లాడుకొనేటప్పుడు వాడే మాటలన్నీ లోపలికి పోసేవే. ఎక్కించడం, నూరిపోయడం, నింపడం. మార్కులు రాకపోతే పోసింది చాలలేదంటాము. పోయడానికి తావున్నదా అని చూడము. పిల్లలకు పోయడమే బోధన అనుకొన్న ఉపాధ్యాయుడు, బండికి పెట్రోలు పోయడమే మరమ్మతు అనుకొన్న యజమాని ఒక్కరే. ఆ ఒక్కరిని నేను.

నేను ఈ ఆలోచనలో ఉండగా మేస్త్రిగారు అడిగారు: ‘మాస్టారూ, కొత్త కన్వర్టరు ఖరీదు ఎక్కువ. లోపల ముద్ద కొట్టేసి, ఖాళీ డొల్ల బిగించేద్దామా? చాలామంది అదే చేయిస్తారు. బండి గాలిలా పోతుంది.’

నిజమే, పింఛనుదారుకు అది పెద్ద ఖర్చు. నేను వెంటనే కాదనలేదు. ఆ డొల్ల గుండా పోయేదేమిటని మాత్రం అడిగాను. ‘ఇంజను పొగ ఉన్నదున్నట్టు బయటికి పోతుంది’ అన్నారు నిజాయితీగా. మన దేశంలో క్రొత్త పెట్రోలు కార్లకు ఈ కన్వర్టర్లు తప్పనిసరి కావడం 1995 ఏప్రిలులో నాలుగు మహానగరాలతో మొదలైంది. పెట్రోలులో సీసం ఉంటే ఆ లోహపు పూత పాడైపోతుంది గనుక సీసం లేని పెట్రోలు తెచ్చి, 2000 ఫిబ్రవరి నుండి దేశమంతటా సీసపు పెట్రోలు ఆపివేశారు. ఇంతమంది ఇంత శ్రమపడినది ఆ చిన్న తేనెపట్టు కోసమా అనిపించింది. మా వీధిలో సాయంత్రం పూట పిల్లలు ఆడుకొంటారు. ఆ పొగ పోయేది వారి ముక్కుల లోపలికే కదా. క్రొత్తదే వేయమన్నాను. ఆ నెల మరికొన్ని ఖర్చులు వాయిదా వేసుకొన్నాము.

ఇది చదివే మీలో బండి ఉన్నవారికి ఒక మనవి. ఇంజను పైకి లేవకపోతే లోపలికి పోయేదానిని పరీక్షించండి, కాదనను. అంతటితో ఆగక వెనుకకు పోయి అరచేయి పెట్టి చూడండి. వణుకు కనిపించిన నాడే కారణం వెదకండి. ఇక పిల్లలున్నవారికి, బడిలో పనిచేసేవారికి వేరే చెప్పాలా?

మూడవ నాడు బండి తెచ్చుకొన్నాము. మళ్ళీ కంటి ఆసుపత్రికే ప్రయాణం. ఆగిరిపల్లి దాటాక ఒక కాయల లారీ అడ్డం వచ్చింది. దారి చూచుకొని, హారను కొట్టి, త్రొక్కాను. ఇంజను ఆగకుండ, తడబడకుండ పై స్వరానికి పోయింది. లారీ వెనుకబడింది. ఇంజను ఎలా పలుకుతున్నదో చెబుదామని నోరు తెరవబోయి ఆగాను. ఎందుకో ఈసారి నేను చెప్పడం కంటే అడగడం మేలనిపించింది.

‘ఎలా ఉంది?’ అన్నాను.

ఆమె కొంతసేపు ఆలోచించి, ఒడిలోని డబ్బా మీద అరచేయి ఆనించి చూచింది.

‘మూత మోగట్లేదు’ అన్నది. ఆపైన నున్న వచ్చేదాకా ఆమె ఏవేవో చెబుతూనే ఉన్నది. నేను విన్నాను.